వాళ్ళ దేశం, వాళ్ళ ఉరి

సింగపూర్ ఆన్‌సైట్ వెళ్ళొచ్చినవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే మూడు విషయాలు తప్పకుండా మాటల్లోకి వస్తాయి. ముస్తఫా సెంటర్, చూయింగ్ గమ్ నిషేధం, విమానంలో నింపమని ఇచ్చే తెల్ల కార్డు మీద ఎర్రక్షరాలు. ఆ కాగితం కార్డు పోయి ఇప్పుడు ఆన్‌లైన్ ఫారం వచ్చింది గానీ, ఎన్నో ఏళ్ళపాటు అక్కడ దిగే ప్రతివాడూ ఆ హెచ్చరిక చదివే దిగాడు. మాదకద్రవ్యాలు రవాణా చేస్తే సింగపూర్ చట్టం ప్రకారం మరణం అని. ఆ కార్డు ప్రస్తావన రాగానే తరవాతి డైలాగు కూడా మనందరికీ కంఠతా వచ్చు. "అందుకే బాసూ అక్కడ అంత క్రమశిక్షణ. మన దగ్గరా నలుగుర్ని ఇలా వేలాడదీస్తే అందరూ దారిలోకొస్తారు."

ఈ మాట తప్పా ఒప్పా అని ఇప్పుడు వాదించబోవడం లేదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే ప్రశ్న. ఉరికంబం ఎక్కేది మనవాడే అయితే, మన జనం ఏమంటారు? ఇది ఊహించుకోవాల్సిన పని లేదు. ఒక దేశంలో ముప్ఫై ఏళ్ళపాటు ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగారు, జవాబులు లెక్కపెట్టి రాసిపెట్టారు కూడా. ఆ దేశం ఆస్ట్రేలియా.

ముందు కాస్త నేపథ్యం. ఆస్ట్రేలియాలో చివరి ఉరి 1967 ఫిబ్రవరి 3న, మెల్బోర్న్‌లోని పెంట్రిడ్జ్ జైల్లో. ఉరి తీసింది రొనాల్డ్ ర్యాన్ అనే ఖైదీని. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే జరిగింది. 1973లో కేంద్ర చట్టాల్లోంచి మరణశిక్ష తీసేశారు. రాష్ట్రాల్లో చివరిగా న్యూ సౌత్ వేల్స్ 1985లో పూర్తిగా రద్దు చేసింది. అంటే ఇంట్లో ఉరి లేదు. కానీ వాళ్ళ కుర్రకారు సెలవులకి ఎగిరి వెళ్ళే దేశాలన్నిట్లోనూ ఉంది.

మలేషియా 1952 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 1975లో మరణశిక్ష చేర్చింది. అప్పటికి వెయ్యాలా వద్దా అన్నది జడ్జిగారి ఇష్టం. 1983లో ఆ ఇష్టం కూడా తీసేసి తప్పనిసరి చేశారు. సింగపూర్ అయితే 1973లో చట్టం తెచ్చి 1975 నుంచే తప్పనిసరి ఉరి పెట్టింది. రెండు దేశాల్లోనూ హెరాయిన్‌కి గీత 15 గ్రాముల దగ్గర గీశారు. నాలుగు చెంచాల పంచదార బరువు ఉంటుందేమో. గంజాయికి సింగపూర్లో 500 గ్రాములు, మలేషియాలో 200.

మన భాషలో చెప్పాలంటే ఇదొక ఇఫ్-ఎల్స్. బరువు గీత దాటితే ఉరి, లేకపోతే జైలు. మనిషి పేదరికం, మొదటి తప్పా పదో తప్పా, ముఠా నాయకుడా లేక సంచి మోసినవాడా, ఇవేవీ అప్పట్లో ఆ ఫంక్షన్‌కి ఇన్‌పుట్లు కావు. దీనికి తోడు సింగపూర్ చట్టంలో ఇంకో రెండు లైన్లున్నాయి. రెండు గ్రాములకి మించి హెరాయిన్ దొరికితే అది అమ్మకానికే అని కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవలసింది నిందితుడు. సరుకు నీ దగ్గరుంటే అదేమిటో నీకు తెలుసనీ అనుకుంటుంది. ఈ మాదిరి చట్టంలో ఎక్కువగా పట్టుబడేది ఎవరో ఊహించడం కష్టం కాదు. సరుకు యజమాని ఎయిర్‌పోర్టుకి రాడు.

వాళ్ళ వైపు వాదన బొత్తిగా లేదని అనను. డెబ్భైల్లో సింగపూర్ని హెరాయిన్ నిజంగానే కుదిపేసింది. పైన గోల్డెన్ ట్రయాంగిల్, కింద రేవు పట్టణం. భయపడ్డారు, గట్టి చట్టం తెచ్చుకున్నారు. అది వాళ్ళ కథ. ఆస్ట్రేలియా వాళ్ళ కథ 1986లో మొదలవుతుంది.

1983 నవంబరులో పెనాంగ్ ఎయిర్‌పోర్టులో కెవిన్ బార్లో, బ్రయన్ చాంబర్స్ అనే ఇద్దరు 140 గ్రాముల పైచిలుకు హెరాయిన్‌తో దొరికారు. బార్లో తరఫున వాదించింది కర్పాల్ సింగ్. పెనాంగ్‌లో పుట్టి పెరిగిన పంజాబీ, ఆ తర్వాత జీవితమంతా మరణశిక్షకి వ్యతిరేకంగా కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ పోరాడిన మనిషి. కేసు గెలవలేదు. విచారణలో ఇద్దరూ తప్పు ఒకరి మీదికొకరు తోసుకున్నారు, ఇద్దరికీ శిక్ష పడింది. 1986 జులై 7న కౌలాలంపూర్ పుడు జైల్లో ఉరి తీశారు. కొత్త చట్టం కింద ఉరికంబం ఎక్కిన మొదటి పాశ్చాత్యులు వీళ్ళే. ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్ దాన్ని అనాగరికం అన్నారు. అవతల ప్రధాని మహతీర్. ఆయనకి కోపం రాకుండా ఉంటుందా? రెండు దేశాల మధ్య చాలాకాలం ముభావంగానే నడిచింది.

తర్వాత 2002 అక్టోబరు 12న బాలిలో బాంబులు పేలాయి. 202 మంది పోయారు, వాళ్ళలో 88 మంది ఆస్ట్రేలియన్లు. మరుసటి ఏడాది ఇండోనేషియా కోర్టు దోషుల్లో ఒకడైన అమ్రోజీకి మరణశిక్ష వేస్తే, ఆస్ట్రేలియా ప్రధాని జాన్ హోవార్డ్ తాము అభ్యంతరం చెప్పబోమని బాహాటంగానే చెప్పారు. అర్థం చేసుకోదగిన కోపమే. 88 కుటుంబాల ముందు నిలబడి ఆ హంతకుడికి క్షమాభిక్ష పెట్టమని అడగడం ఏ రాజకీయ నాయకుడికీ సాధ్యం కాదు. కానీ మీ శత్రువుని ఉరి తీస్తే ఫరవాలేదన్న మాట ఒకసారి నోరు జారాక వెనక్కి రాదు. రెండేళ్ళు తిరక్కుండానే అది వాళ్ళ కాళ్ళకి అడ్డం పడింది.

2005 అన్నది ఈ కథలో విచిత్రమైన ఏడు. ఒకే ఏడాదిలో ముగ్గురి గురించి మూడు రకాలుగా మాట్లాడింది ఒకే దేశం.

మొదటిది షాపెల్ కోర్బీ. 2004 అక్టోబరులో బాలి ఎయిర్‌పోర్టులో ఆమె బూగీబోర్డు సంచిలో నాలుగు కిలోల పైన గంజాయి దొరికింది. తనకేం తెలియదంది. విచారణ టీవీలో లైవ్‌గా వచ్చింది. దేశంలో చాలామంది ఆమె నిర్దోషి అని నమ్మారు, ఇండోనేషియా కోర్టుల్ని తిట్టిపోశారు. 2005 మేలో 20 ఏళ్ళ జైలు పడింది.

రెండోది బాలి నైన్. 2005 ఏప్రిల్ 17న తొమ్మిదిమంది కుర్రాళ్ళు 8 కిలోల పైన హెరాయిన్‌తో దొరికారు, కొందరు సరుకు ఒంటికి కట్టుకుని మరీ. వీళ్ళ మీద జాలి దాదాపు లేదు. వీళ్ళ కేసులో ఇంకో మెలిక ఉంది. తొమ్మిదిమందిలో ఒకడి తండ్రికి ముందే అనుమానం వచ్చింది. కొడుకుని దేశం దాటకుండా ఆపమని ఒక లాయరు ద్వారా పోలీసులకి చెప్పించాడు. ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు ఆపలేదు. తమకున్న సమాచారమంతా ఇండోనేషియా పోలీసులకి పంపారు, అరెస్టులు అక్కడ జరిగాయి. అక్కడ మరణశిక్ష ఉందని వాళ్ళకి తెలియక కాదు. పోలీసులు చట్టం దాటలేదని 2006లో ఆస్ట్రేలియా కోర్టు తేల్చింది. ఆ తీర్పు చదివితే తర్కం సరిగ్గానే ఉంటుంది. ఆ తండ్రి స్థానంలో కూర్చుని చదివితే మాత్రం చేతులు వణుకుతాయి.

మూడోది న్గుయెన్ తువోంగ్ వాన్. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో ఎక్కువసేపు ఆగి చూడవలసింది ఇతని దగ్గరే. వియత్నాం నుంచి పడవలో పారిపోయి వచ్చిన తల్లికి థాయ్‌లాండ్ శరణార్థి శిబిరంలో పుట్టిన కవలల్లో ఒకడు. పసిబిడ్డగా ఉండగానే మెల్బోర్న్ వచ్చాడు. కవల సోదరుడు అప్పుల్లో ఇరుక్కుంటే తీర్చడానికి ఒక్క ట్రిప్పు ఒప్పుకున్నాడు. కాంబోడియా నుంచి మెల్బోర్న్‌కి, మధ్యలో సింగపూర్లో విమానం మారాలి. 2002 డిసెంబరు 12న చాంగీలో దొరికాడు. సరుకు 396 గ్రాములు. అది సింగపూర్లో అమ్మడానికి తెచ్చింది కాదు, ఆ ఊళ్ళో బయట అడుగు పెట్టడానికి వచ్చినవాడూ కాదు. దొరగ్గానే ఒప్పుకున్నాడు, పోలీసులకి సహకరించాడు. ఇఫ్-ఎల్స్‌లో దానికి చోటు లేదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం బతిమాలింది. సింగపూర్ పార్లమెంటు స్పీకరు రాసిన జవాబులో ఒక లెక్క ఉంది. ఆ సరుకు 26 వేల పైచిలుకు డోసులకి సరిపోతుందని. ఆ డోసులు చేరవలసింది మెల్బోర్న్ వీధులకే కాబట్టి ఆ లెక్కకి ఆస్ట్రేలియా దగ్గర సూటి సమాధానం లేదు. జనం కాగితాల మీద తమ చేతులు గీసి, సందేశాలు రాసి వేలకొద్దీ పంపారు. చివరి రోజు తల్లికి కొడుకుని కౌగిలించుకోవడానికి అనుమతి ఇవ్వలేదు, చెయ్యి పట్టుకోనిచ్చారు. 2005 డిసెంబరు 2 తెల్లవారుజామున ఉరి తీశారు. మెల్బోర్న్‌లో అప్పుడు ఉదయం తొమ్మిది. రిచ్‌మండ్‌లోని సెయింట్ ఇగ్నేషియస్ చర్చిలో గంట ఇరవై అయిదు సార్లు మోగింది, అతని వయసు అన్నేళ్ళు. దేశమంతా ఒక నిమిషం మౌనం పాటించాలన్న కోరికని హోవార్డ్ ఒప్పుకోలేదు.

ఇదంతా చదివాక జనమంతా ఉరికి వ్యతిరేకమై ఉంటారనిపిస్తుంది కదూ? రాయ్ మోర్గాన్ సంస్థ అదే రోజుల్లో సర్వే చేసింది. ఉరి తియ్యాలి అన్నవాళ్ళు 47 శాతం. వద్దన్నవాళ్ళు 46.

ఈ అంకె చూసి నేను చాలాసేపు తెల్లమొహం వేశాను. గంటలు మోగించిన దేశమూ ఇదే, 47 శాతం దేశమూ ఇదే. 2009లో అదే సంస్థ మళ్ళీ అడిగింది. మన దేశంలో హత్య చేసినవాడికి మరణశిక్ష వెయ్యాలా, జైలా? మరణశిక్ష అన్నది 23 శాతమే, జైలు చాలన్నవాళ్ళు 64. పరాయి దేశంలో డ్రగ్స్‌తో దొరికిన ఆస్ట్రేలియన్‌కి అక్కడ పడిన మరణశిక్ష అమలు చెయ్యాలా అంటే మాత్రం సగం మంది అవునన్నారు. మళ్ళీ చదవండి. ఇంట్లో హంతకుడికి ఉరి వద్దు. బయట సంచి మోసినవాడికి ఫరవాలేదు.

దీన్ని కపటం అని కొట్టిపారెయ్యొచ్చు. నాకైతే అలా అనిపించలేదు. రెండు ప్రశ్నలూ ఒకే విషయం గురించి కావు. మొదటిది అడిగితే మనిషి న్యాయం గురించి ఆలోచిస్తాడు, ఎందుకంటే తీసేది తన ప్రభుత్వం, తన పేరు మీద. రెండోది అడిగితే మర్యాద గురించి ఆలోచిస్తాడు. వాళ్ళ దేశం, వాళ్ళ చట్టం, ఎయిర్‌పోర్టులో పెద్దక్షరాలతో రాసిపెట్టారు, తెలిసే వెళ్ళాడు, అనుభవించాలి. ఇంకొకరి ఇంట్లో భోజనానికి వెళ్ళి కూరలో ఉప్పెక్కువైందని అనకూడదు, ఆ తరహా సంస్కారం. చిక్కేమిటంటే ఇక్కడ వడ్డించింది కూర కాదు.

ఇక 2015. బాలి నైన్‌లో నాయకులని కోర్టు తేల్చిన ఇద్దరు, ఆండ్రూ చాన్, మయురన్ సుకుమారన్, పదేళ్ళుగా జైల్లో ఉన్నారు. చాన్ క్రైస్తవ బోధకుడయ్యాడు. శ్రీలంక తమిళ మూలాలున్న సుకుమారన్ బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడు, చిత్రకారుడు బెన్ క్విల్టీ వెళ్ళి నేర్పాడు. కొత్తగా గద్దెనెక్కిన అధ్యక్షుడు జోకో విడోడో దేశం మాదకద్రవ్యాల ఎమర్జెన్సీలో ఉందని క్షమాభిక్షలన్నీ తిరస్కరించాడు. అప్పుడొచ్చిన రెండు సర్వేల గురించి తప్పక చెప్పాలి.

జనవరిలో రాయ్ మోర్గాన్, ట్రిపుల్ జే రేడియో కోసం ఎస్సెమ్మెస్ సర్వే చేసింది. "ఒక ఆస్ట్రేలియన్‌కి వేరే దేశంలో డ్రగ్స్ రవాణా కేసులో మరణశిక్ష పడితే అమలు చెయ్యాలా?" అన్న ధోరణిలో ప్రశ్న. చెయ్యాలన్నది 52 శాతం. ఈ ఇద్దరి కోసం ప్రభుత్వం ఇంకా ప్రయత్నించాలా అంటే 62 శాతం అక్కర్లేదన్నారు. ఫిబ్రవరిలో లోవీ ఇన్‌స్టిట్యూట్ పేర్లు చెప్పి నేరుగా అడిగింది, చాన్, సుకుమారన్‌లని చంపాలా వద్దా అని. వద్దన్నది 62 శాతం!

రెండు 62లు, ఒక నెల తేడా, ఎదురెదురు దిక్కులు. మన దగ్గర క్లయింటు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో ఒక వాక్యం మారిస్తే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నెల రోజుల్లో వార్తలు ముమ్మరమయ్యాయన్నది నిజమే, సర్వే పద్ధతులూ వేరే. అయినా అసలు తేడా అక్కడ లేదనే నా నమ్మకం. మొదటి ప్రశ్నలో మనిషి "ఒక ఆస్ట్రేలియన్". రెండోదాంట్లో మనిషికి పేరుంది, బొమ్మలు వేస్తాడు, వాళ్ళమ్మ టీవీలో ఏడుస్తోంది.

మలేషియాలో ఇదే సంగతి ఇంకా పద్ధతిగా తేలింది. 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ రోజర్ హుడ్ అక్కడి పదిహేను వందల మంది పైచిలుకు పౌరుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ముందు మామూలుగా అడిగారు. డ్రగ్స్ రవాణాకి ఏదో ఒక రూపంలో మరణశిక్ష ఉండాలన్నవాళ్ళు నూటికి డెబ్భై అయిదు దరిదాపుల్లో. తర్వాత కొన్ని ఊహా కేసులు చేతికిచ్చి, మీరే జడ్జి, శిక్ష వెయ్యండి అన్నారు. చట్టం ప్రకారం ఆ కేసులన్నిట్లోనూ ఉరే. తప్పనిసరి ఉరి ఉండాలని అంతకుముందు చెప్పినవాళ్ళలో, చేతికొచ్చిన కేసులన్నిట్లోనూ నిజంగా ఉరే వేసినవాళ్ళు 8 శాతం. స్పెక్ మీద సంతకం పెట్టినవాళ్ళే టెస్ట్ కేసులు చూశాక ఇది కాదు మేం అడిగింది అన్నారన్నమాట. మలేషియా 2018 నుంచి ఉరితీతలు ఆపింది, 2023 జులైలో తప్పనిసరి మరణశిక్షని చట్టంలోంచే తీసేసింది.

సింగపూర్ 2012లో కొంచెం సడలించింది. వట్టి కొరియర్ అయి ఉండి, దర్యాప్తుకి గట్టిగా తోడ్పడ్డాడని ప్రభుత్వ ప్రాసిక్యూటర్ సర్టిఫికెట్ ఇస్తే జడ్జి ఉరి బదులు యావజ్జీవం వెయ్యొచ్చు. సర్టిఫికెట్ ఇచ్చేది జడ్జి కాదు, ఎదుటి పక్షం! 2022 ఏప్రిల్‌లో నాగేంద్రన్ ధర్మలింగం అనే మలేషియా తమిళుణ్ణి 42 గ్రాముల హెరాయిన్‌కి ఉరి తీశారు. అతని ఐక్యూ 69 అని కోర్టు రికార్డులోనే ఉంది. అక్కడి హోం శాఖ సర్వేల్లో తప్పనిసరి ఉరికి మూడింట రెండొంతుల మద్దతు కనిపిస్తుంది. అవీ సాధారణ ప్రశ్నలే.

వెనక్కి 2015 ఏప్రిల్‌కి వద్దాం. ఏప్రిల్ 14న సౌదీ అరేబియాలో సితి జైనబ్ అనే ఇండోనేషియా పనిమనిషిని, యజమానురాలిని హత్య చేసిన కేసులో, చంపేశారు. ముందుగా తెలియజెయ్యలేదని ఇండోనేషియా ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది. పరాయి దేశాల్లో మరణశిక్ష పడిన తన పౌరుల్ని కాపాడుకోవడానికి ఆ ప్రభుత్వం ఏళ్ళ తరబడి డబ్బూ, దౌత్యమూ ఖర్చు పెడుతూనే ఉంది. రెండు వారాల తర్వాత, ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక, అదే ప్రభుత్వం నుసా కంబంగన్ దీవిలో చాన్, సుకుమారన్‌తో సహా ఎనిమిదిమందిని కాల్చి చంపింది. వాళ్ళలో ఒక బ్రెజిల్ మనిషి మానసిక రోగి అని డాక్టర్లు చెప్పారు.

మన సంగతీ చూసుకోవాలిగా. విశాఖ ఏజెన్సీ నుంచి గంజాయి మూటలు మోస్తూ రోజూ ఎవరో ఒకరు పట్టుబడుతూనే ఉంటారు. 20 కిలోలు దాటితే మన చట్టంలో పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. అదే మనిషి సింగపూర్లో అరకిలో దాటితే చాలు. అయితే మన చట్టమూ మరీ మెత్తనిది కాదు. 1989లో ఎన్‌డీపీఎస్ చట్టంలో 31-ఎ అనే సెక్షన్ చేర్చారు. పెద్ద మోతాదుల్లో రెండోసారి దొరికితే తప్పనిసరి మరణశిక్ష. ఇరవై ఏళ్ళ పైన అది పుస్తకంలో ఉంది, మనలో ఎంతమందికి తెలుసు? 2011లో బొంబాయి హైకోర్టు "తప్పనిసరి" అన్నది రాజ్యాంగం ఒప్పుకోదంది. 2014లో పార్లమెంటు దాన్ని మార్చి, మరణశిక్షో జైలో తేల్చే పని మళ్ళీ జడ్జి చేతికిచ్చింది. ఆ సెక్షన్ కింద ఎవర్నీ ఉరి తియ్యలేదు.

2024 జులైలో ఇండోనేషియా జలాల్లో ఒక ఓడలో 106 కిలోల మెథ్ దొరికింది. అరెస్టయినవాళ్ళలో ముగ్గురు తమిళనాడు వాళ్ళు. 2025 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు ముగ్గురికీ మరణశిక్ష వేసింది. వాళ్ళ భార్యలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, అప్పీలుకి లాయర్ని ఏర్పాటు చెయ్యమని కోర్టు మన దౌత్య కార్యాలయానికి చెప్పింది. ఆ వార్త వచ్చిన రోజు మా టీంలో లంచ్ దగ్గర వినిపించిన మొదటి మాట: "వాళ్ళ దేశం, వాళ్ళ రూలు, మనమేం చేస్తాం?" అన్నవాడు మంచివాడే. రక్తదానం కోసం ఎవరైనా అడిగితే ఆఫీసు వదిలి వెళ్ళే రకం. ఆ ముగ్గురి పేర్లేమిటో మా టేబుల్ దగ్గర ఎవరికీ తెలియదు.

బాలి నైన్‌లో ఒకడు 2018లో ఖైదీగా ఉండగానే క్యాన్సర్‌తో పోయాడు, ఒకామె అదే ఏడు విడుదలైంది. మిగిలిన అయిదుగురినీ 2024 డిసెంబరు 15న ఆస్ట్రేలియాకి పంపించేశారు. ఆ ఏప్రిల్ రాత్రి కాల్చవలసినవాళ్ళ జాబితాలో తొమ్మిదో పేరు ఫిలిప్పీన్స్‌కి చెందిన మేరీ జేన్ వెలోసో. ఉద్యోగం ఇప్పిస్తానని పంపినావిడ ముందురోజు ఫిలిప్పీన్స్‌లో పోలీసులకి లొంగిపోవడంతో ఆమెని చివరి గంటల్లో ఆపారు. ఆ సూట్‌కేసులో ఏముందో తనకి తెలియదని ఆమె మొదటినుంచీ చెబుతూనే ఉంది. 2024 డిసెంబరు 18న మనీలాలో దిగేసరికి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా జైలుకి తీసుకెళ్ళారు. ఆమె ఇద్దరు కొడుకులూ అక్కడికొచ్చి కలిశారు.